బల్ల మీద పెట్టిన మాట

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. మొదటి ఏడాదంతా ఒక లండన్ క్లయింటు దగ్గర పనిచేసి, అప్పుడే అమెరికా ప్రాజెక్టులోకి మారాను. ఒక శుక్రవారం రాత్రి కాల్‌లో డేటాబేసు మార్చే విషయం చర్చకొచ్చింది. కాసేపు మాట్లాడాక అవతలి పెద్దాయన "లెట్స్ టేబుల్ ఇట్" అన్నాడు. అందరూ సరే అన్నారు. మినిట్స్ రాసే పని నాది. లండన్ వాళ్ళ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ప్రకారం టేబుల్ చెయ్యడమంటే చర్చకు పెట్టడం. అదే రాశాను. "సోమవారం దీని మీద పూర్తి ప్రతిపాదన ఇవ్వాలి" అని మా వాళ్ళకి మెయిల్ కూడా కొట్టాను.

శనివారం, ఆదివారం ముగ్గురం కూర్చుని ముప్ఫై స్లయిడ్లు తయారుచేశాం. నాతో పనిచేసినాయన ఒకాయన కూతురి పుట్టినరోజు మానుకుని వచ్చాడు. సోమవారం కాల్‌లో మొదటి స్లయిడు పెట్టగానే ఆ పెద్దాయన, "దీన్ని పక్కన పెట్టేద్దామని అనుకున్నాం కదా?" అన్నాడు. అమెరికాలో టేబుల్ చెయ్యడమంటే వాయిదా వెయ్యడం, అటకెక్కించడం అన్నమాట! కాల్ అయ్యాక మా మేనేజరు అందరి ముందూ, "ఇంగ్లీషు అర్థం కాకపోతే అడగాలి బాబూ, ఊహించుకుని రాస్తే ఎలా?" అన్నాడు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ మాట ఎక్కడ తగలాలో సరిగ్గా అక్కడే తగిలింది. ఆ తర్వాత దాదాపు మూడు నెలలు కాల్స్‌లో నోరు విప్పలేదు.

తర్వాత ఒకరోజు ఏదో వెతుకుతుంటే తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే పొరపాటు నాకంటే చాలా పెద్దవాళ్ళకి జరిగింది. 1941 చివర్లో, అమెరికా యుద్ధంలోకి దిగిన కొత్తల్లో, రెండు దేశాల సైన్యాధికారులు వాషింగ్టన్‌లో కూర్చున్నారు. బ్రిటిష్ వాళ్ళు ఒక విషయం అర్జెంటు కాబట్టి టేబుల్ చేద్దామన్నారు. అమెరికా వాళ్ళు అది ముఖ్యమైన విషయం, టేబుల్ చెయ్యడానికి వీల్లేదన్నారు. చాలాసేపు గొడవపడ్డాక తెలిసింది, ఇద్దరూ కోరేది ఒకటేనని. ఈ సంగతి చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాసుకున్నాడు. ఇద్దరిదీ మాతృభాష ఇంగ్లీషే. ఏ ఒక్కరూ తెలుగు మీడియం కాదు :)

ఇదేదో నా పరువు నిలబెట్టుకోవడానికి చెప్పట్లేదు (కొంచెం అందుకే అనుకోండి). అసలు ఇంగ్లీషు జాతీయాలు మనకి ఎందుకు అందవు, అందినవి ఎలా అందాయి అని అప్పటినుంచి ఆలోచిస్తూ ఉన్నాను. ఈ ఆలోచనకి ఒక దారి దొరికింది మాత్రం ఆఫీసులో కాదు, మా ఊళ్ళో.

మాది మోకిల. శంకర్‌పల్లి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఇప్పుడు రోడ్డుకి రెండు వైపులా విల్లాల బోర్డులే. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ మా ఊళ్ళో ప్లాట్లు వేలం వేస్తే గజం ధర లక్ష దాటింది. నా చిన్నప్పుడు జొన్న వేసిన నేలలు ఇవి. భూమి ధర పెరిగేసరికి ఇంటింటా పాత కాగితాలు బయటికొచ్చాయి. మా ఇంట్లో కూడా. ఒక ఆదివారం మా తాత ఒక రేకు పెట్టె ముందేసుకుని, "ఇవి జర కంప్యూటర్ల ఎక్కియ్యిరా" అన్నాడు. స్కాన్ చేస్తూ ఒక పాత పహాణీ నకలు చూశాను. ఒక గడిలో మా తాత పేరు, పైన శీర్షిక "కబ్జాదారు". నాకు గుండె ఆగినంత పనైంది. కబ్జా అంటే పేపర్లలో రోజూ చదివేదే కదా, చెరువు కబ్జా, పార్కు కబ్జా. మా తాత ఎవరి భూమి ఆక్రమించాడు? ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు?

కాసేపు నానా ఆలోచనలు చేసి, చివరికి ఉండబట్టలేక అడిగాను. తాత పగలబడి నవ్వాడు. "ఓరి, కబ్జా అంటే చేతుల ఉన్నట్టురా. దున్నుకునెటోడు కబ్జాదారు, పట్టా ఉన్నోడు పట్టాదారు. దొంగతనం చేసినోని పేరు సర్కారు కాయితంల రాసిపెడ్తరా?" అన్నాడు. అవును, అరబ్బీలో పుట్టి పారశీకం, ఉర్దూల మీదుగా మన పల్లెల్లోకి వచ్చిన ఆ మాటకి అసలు అర్థం స్వాధీనం, అనుభవం. ఆక్రమణ అనే చెడ్డ అర్థం తర్వాత బలపడింది. రెవెన్యూ కాగితంలో పాత అర్థం ఉండిపోయింది, పేపర్లో కొత్తది స్థిరపడింది. బ్రిటన్‌లో ఒక టేబుల్, అమెరికాలో ఒక టేబుల్ ఉన్నట్టే.

అప్పుడు ఆ టేబుల్ కథ తాతకి చెప్పాను. "బల్ల మీద పెడితే పక్కన పెట్టినట్టు ఎట్లయితదిరా?" అన్నాడు ముందు. తర్వాత కాసేపు ఆలోచించి, "గట్ల గాదు. కచేరీకి పోతే పాతకాలంల 'చూద్దాం పో' అనెటోళ్ళు. అంటే పని అయినట్టా, కానట్టా? వట్టి చేతుల పోయినోనికి కానట్టు. ఆ మాట పుస్తకంల జూస్తే ఏం దెలుస్తది, ఒక్కసారి పోయొస్తె దెలుస్తది" అన్నాడు. మేం ఇంజనీరింగు నాలుగేళ్ళు చదివి తెలుసుకోనిది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

మన భాషలో చెప్పాలంటే జాతీయం అనేది పాయింటరు లాంటిది. అందులో ఉండేది విలువ కాదు, చిరునామా. ఆ చిరునామాలో ఒక జనం బతికిన బతుకు ఉంటుంది, ఒక కథ ఉంటుంది. అది మన మెమరీలో లేకపోతే ప్రోగ్రాం కూలిపోతుంది. "నీళ్ళు నమిలాడు" అన్న మాటని ఒక్కో పదానికీ అర్థం వెతికి కూడితే ఏమొస్తుంది? నీళ్ళు నమలడానికి కుదరదు. జవాబు లేక నోరు ఊరికే కదిలించేవాణ్ణి చూసినవాళ్ళకి మాత్రం వెంటనే వెలుగుతుంది.

తమాషా ఏమిటంటే, ఈ సంగతి మన భాష నేర్చుకోవడానికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళకి బాగా తెలుసు. సి.పి. బ్రౌన్ పేరు అందరం విన్నదే. 1798లో కలకత్తాలో పుట్టాడు, 1820లో కడపకి ఉద్యోగం మీద వచ్చాడు. కడపలో తన బంగళాలో సొంత జీతం మీద పండితుల్ని పెట్టుకుని తెలుగు నేర్చుకున్నాడు, రాతప్రతులు సేకరించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. దాన్ని తిరగేస్తే ఒక విషయం కనిపిస్తుంది. మాటకి అర్థం చెప్పి ఊరుకోడు. ఆ మాటతో జనం ఏమేం అంటారో, ఆ పలుకుబళ్ళు కూడా కింద ఇస్తాడు. అది చాలక 1854లో తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ వగైరా పరాయి మాటలకి ఇంకో నిఘంటువు చేశాడు. మిశ్రభాషా నిఘంటువు అంటారు దాన్ని. కచేరీలో రైతు మాట్లాడే తెలుగు, కావ్యాల తెలుగు ఒకటి కాదని తెలిసినవాడి పని అది.

బ్రౌన్ తర్వాత మద్రాసు సైన్యానికి చెందిన కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ అనే ఆయన 1868లో తెలుగు సామెతల సంపుటం ఒకటి మద్రాసులో వేశాడు. ఆ పుస్తకం పద్ధతి చూసి నేను ఆశ్చర్యపోయాను. సామెతలన్నిటికీ వరుస నంబర్లు. ముందు తెలుగు సామెత, దానికి ఇంగ్లీషు అనువాదం, అవసరమైన చోట దాని వెనకున్న కథ లేదా సందర్భం, ఎక్కడైనా దగ్గర పోలిక దొరికితే యూరపు సామెత. అంటే సిపాయిలతోనూ రైతులతోనూ మాట్లాడాల్సిన ఒక తెల్ల అధికారికి ఆ సామెత ఎందుకు పుట్టిందో కూడా తెలియాలని ఆయన అనుకున్నాడు. పాలించేవాళ్ళకి ఆ అవసరం ఉంది. ఎదుటివాడు అన్న మాట అర్థం కాకపోతే పన్ను వసూలు కాదు, తీర్పు సరిగ్గా రాదు.

ఇప్పుడు అటునుంచి ఇటు చూడండి. మనం ఇంగ్లీషు నేర్చుకున్న తీరు ఏమిటి? 1835లో మెకాలే తన నివేదిక ఇచ్చాడు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. ఇంగ్లీషు వస్తే సర్కారు కొలువు వస్తుంది. కాబట్టి ఇంగ్లీషు మనకి బతుకులోంచి కాకుండా పరీక్షలోంచి వచ్చింది. ఈ తంతుని గురజాడ అప్పారావు గారు అప్పుడే పట్టేశారు. 1892లో ఆడి 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో, కొడుకు చదువు చూసి మురిసిపోవాలని తల్లి ఇద్దర్నీ ఇంగ్లీషులో మాట్లాడమంటే గిరీశం, వెంకటేశం కలిసి పిల్లల నక్షత్రాల పాట లాంటి ముక్కలు అప్పజెప్పేస్తారు గుర్తుందా? వినేవాళ్ళు నిజంగానే ఏదో సంభాషణ జరుగుతోందనుకుంటారు. నవ్వొస్తుంది కానీ, నాకు ఆ సీను చదివినప్పుడల్లా అమీర్‌పేట కోచింగు సెంటర్లు గుర్తొస్తాయి. యాభై జాతీయాలు, పక్కన యాభై అర్థాలు, రేపటికి కంఠస్థం చేసి రండి. ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరితో అంటారు, ఎప్పుడు అనకూడదు, ఇవేవీ ఉండవు. కార్ ఇంగ్లీషువాళ్ళకి కథతో సహా ఇచ్చిన వస్తువుని మనం మన పిల్లలకి కథ తీసేసి ఇస్తున్నాం.

తెలంగాణలో కథ ఇంకొంచెం వేరు. నిజాం సంస్థానంలో 1880ల దాకా పారశీకం, ఆ తర్వాత ఉర్దూ సర్కారు భాషలు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దానికి పుస్తకాలు కావాలని 1917లోనే ఒక అనువాద శాఖ పెట్టి ఇంగ్లీషు నుంచి సైన్సు, చరిత్ర, న్యాయం, వైద్యం పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. అంటే కోస్తాలో గిరీశాలు నేరుగా ఇంగ్లీషు వల్లెవేస్తున్న రోజులకి కొంచెం అటూఇటూగా, ఇక్కడ పెద్ద చదువులు చదివేవాడికి ఇంగ్లీషు లోకం ఉర్దూ కిటికీలోంచి కనబడింది. 1948 సెప్టెంబరు తర్వాత ఆ కిటికీ మూసేశారు, ఉస్మానియాలో ఇంగ్లీషు వచ్చింది.

కానీ పల్లెటూరి రైతుకి ఈ యూనివర్సిటీలతో పనిలేదు. అతనికి ఉర్దూ వచ్చింది అంగట్లో, కచేరీలో, పట్వారి దగ్గర. "దిమాక్ ఖరాబ్", "నమక్ హరామ్", "మస్కా కొట్టుడు" ఇవన్నీ మా తాతకి ఎవరూ పుస్తకంలో నేర్పలేదు. నమక్ హరామ్ అంటే ఏమిటని అడిగితే ఉప్పు, నిషిద్ధం అని ముక్కలు చేసి చెప్పడు. "తిన్న ఇంటికి ద్రోహం చేసినోడు" అంటాడు టక్కున. ఉప్పు తిన్న విశ్వాసం అనే మాట మన తెలుగులోనూ ఉంది కాబట్టి ఆ పాయింటరు ఇక్కడ కూడా సరైన చిరునామాకే వెళ్ళింది. 1984లో పట్వారీల వ్యవస్థ రద్దయింది, కానీ పహాణీ, సేత్వారు, సాదాబైనామా లాంటి వాళ్ళ మాటలు అలాగే మిగిలాయి. బీటెక్ చదివిన నేను సాదాబైనామా అంటే గూగుల్ చెయ్యాల్సి వచ్చింది. స్టాంపు లేని మామూలు కాగితం మీద రాసుకున్న అమ్మకం అని తాత నోటి లెక్కలా చెప్పాడు. ఆ మాట తెలియక ఈ చుట్టుపక్కల భూమి పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. జాతీయం అర్థం కాకపోతే నాకు పోయింది ఒక వీకెండు. కాగితంలో మాట అర్థం కాకపోతే రైతుకి పోయేది ఎకరాలు.

సరే, అయితే ఇంగ్లీషు జాతీయాలు తెలుగులోకి అసలు రాలేదా అంటే, బోలెడు వచ్చాయి. తెచ్చినవాళ్ళు ఎక్కువగా పత్రికలవాళ్ళు. రాత్రి పదింటికి టెలిప్రింటరు మీద ఇంగ్లీషు వార్త వస్తే పదకొండింటికల్లా తెలుగులో పేజీ కట్టాలి. ఆ హడావుడిలో సబెడిటర్లు పట్టుకున్న దారులు మూడు కనిపిస్తాయి నాకు.

మొదటిది, మాటకి మాట దించెయ్యడం. సింహభాగం అలా వచ్చిందే. ఈసపు కథలో సింహం మిగతా జంతువులతో కలిసి వేటాడి, వాటాలు వేసి, అన్ని వాటాలూ తనే తీసుకుంటుంది. అంటే అసలు కథలో సింహభాగమంటే ఎక్కువ భాగం కాదు, మొత్తం! ఇంగ్లీషులోనే అర్థం "ఎక్కువ వాటా"గా మారాక మనం తెచ్చుకున్నాం. మొసలి కన్నీరు కూడా అంతే, మొసలి ఏడుస్తూ మనుషుల్ని తింటుందని యూరపు వాళ్ళు మధ్యయుగంలో నమ్మిన కథ. ఈ రెండూ మనకి బాగా అతికిపోయాయి, ఎందుకంటే సింహం, మొసలి మన పంచతంత్రంలో కూడా ఇలాంటి పనులే చేస్తాయి. శ్వేతపత్రం సంగతి వేరు. బ్రిటన్‌లో పెద్ద ప్రభుత్వ నివేదికలకి నీలం అట్ట వేసి నీలి పుస్తకాలు అనేవారు. చిన్నవాటికి అట్ట లేకుండా తెల్ల కాగితమే, అందుకని వైట్ పేపర్. 2023 డిసెంబరులో తెలంగాణ అసెంబ్లీలో ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం పెట్టినప్పుడు మా వీధిలో ఒకాయన, "తెల్లగ అంటే దాచిపెట్టకుండ చెప్పుడన్నట్టు" అని వివరించాడు. అట్ట రంగు కథ తెలియక మనవాళ్ళు దానికి సొంత కథ కట్టుకున్నారు. అది కూడా ఒక దారే!

రెండోది, వస్తువు మార్చి తెచ్చుకోవడం. "కొత్త సీసాలో పాత సారా" దీనికి మంచి ఉదాహరణ. దీని మూలం బైబిల్లో ఉంది, కానీ అక్కడ ఉన్నది సరిగ్గా తిరగేసి. కొత్త ద్రాక్షారసాన్ని పాత తోలుతిత్తుల్లో పోస్తే పులిసి పొంగి తిత్తి చినుగుతుందని అక్కడి మాట. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో తిత్తిని సీసా చేశారు. ఆ తర్వాత ఎవరో పాత కొత్తల్ని తారుమారు చేశారు. అది మన దగ్గరికి వచ్చేసరికి ద్రాక్షారసం సారా అయ్యింది. సారా ఉద్యమం తర్వాత 1993లో ప్రభుత్వం సారాని నిషేధించింది గానీ ఈ సారా మాత్రం పేపర్లలో ఇంకా పారుతూనే ఉంది :) మా తాతకి ఈ మాట చెబితే, "పాత కల్లు ఎవడు తాగుతడురా, పులిసిపోతది" అన్నాడు. చూశారా, ద్రాక్షారసం పాతబడితే విలువ పెరుగుతుంది, కల్లు పాతబడితే పారబోస్తారు. ఒకే వాక్యం, తాగేదాన్ని బట్టి మెచ్చుకోలో తిట్టో తేలుతుంది.

మూడోది, మాటని వదిలేసి భావాన్ని పట్టుకోవడం. నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప పని ఇదే. కోల్డ్ వార్ అన్న మాటని 1945లో జార్జి ఆర్వెల్ ఒక వ్యాసంలో వాడాడు, 1947లో వాల్టర్ లిప్‌మన్ పుస్తకంతో అది లోకమంతా పాకింది. హిందీవాళ్ళు శీత్ యుద్ధ్ అన్నారు. మనవాళ్ళు "చల్లని యుద్ధం" అనలేదు. ప్రచ్ఛన్న యుద్ధం అన్నారు. ప్రచ్ఛన్నమంటే కప్పబడినది, బయటికి కనబడనిది. చలితో సంబంధం లేదు. మే నెలలో చల్లదనం కోసం మొహం వాచిపోయే మనకి చల్లని యుద్ధమంటే ఏదో మంచి యుద్ధం అనిపించేది. ఆ మాట ఎవరు కల్పించారోగానీ, ఆయన ముందు తెలుగువాడి వీపు మీద ఎండ ఎలా ఉంటుందో ఆలోచించి ఉంటాడు. ఈనాడు జర్నలిజం స్కూలుకి ప్రిన్సిపాలుగా పనిచేసిన బూదరాజు రాధాకృష్ణ గారు (1932–2006) విలేఖరులకి భాష నేర్పుతూనే, జాతీయాల పుట్టుపూర్వోత్తరాల మీద పుస్తకం కూడా రాశారు. పుట్టుక తెలియకుండా వాడకం తెలియదని ఆయనకి తెలుసన్నమాట.

అన్నట్టు, మన ఐటీవాళ్ళం రోజూ వాడే మాటల సంగతి ఏమిటి? అవీ జాతీయాలే, మనం గమనించం అంతే. డెడ్‌లైన్ అన్న మాట అమెరికా అంతర్యుద్ధంలో ఖైదీల శిబిరాల నుంచి వచ్చింది. 1864లో జార్జియాలోని ఆండర్సన్‌విల్ శిబిరంలో కంచెకి లోపల ఒక గీత లాంటి దడి ఉండేది. దాన్ని దాటిన ఖైదీని కాల్చేసేవాళ్ళు. నిజంగానే చావు గీత. తర్వాత పత్రికాఫీసుల్లో గడువు అయ్యింది, అక్కడినుంచి మన జీరాలోకి వచ్చింది. (రిలీజు ముందు రాత్రి పాత అర్థమే సరైనదనిపిస్తుంది.) బూట్ చెయ్యడం అన్నది బూట్‌స్ట్రాప్ నుంచి వచ్చింది. సొంత బూటు పట్టీలు పట్టుకుని తనని తాను పైకి లేపుకోవడం, అంటే అసలు జరగని పని అని 19వ శతాబ్దంలో వెక్కిరింపు. 1950లలో కంప్యూటరు తన ప్రోగ్రాముని తనే ఎక్కించుకుంటుంటే ఆ పేరు పెట్టారు. బగ్ సంగతి చాలామందికి తెలుసు, 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో చిమ్మట పురుగు దొరికిందని. అయితే మాట అక్కడ పుట్టలేదు. 1878లోనే ఎడిసన్ తన ఉత్తరంలో యంత్రాల్లో తప్పులకి ఆ మాట వాడాడు. అది అప్పటికే ఉన్న మాట కాబట్టే నిజం పురుగు దొరికినప్పుడు వాళ్ళకి నవ్వొచ్చి లాగ్ పుస్తకంలో అతికించారు.

ఈ మూడు మాటలూ మనలో ఎవరికీ ఎవరూ జాబితాలో పెట్టి నేర్పలేదు. అయినా ఒక్కరం కూడా పొరబడం. ఎందుకంటే రాత్రిళ్ళు కూర్చుని బగ్గులు వెతికాం, డెడ్‌లైన్లు దాటి తిట్లు తిన్నాం. అదే "బాల్‌పార్క్ ఫిగర్" అంటే మొదటిసారి బిక్కమొహం వేస్తాం. అది బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చిన మాట, సుమారు లెక్క అని అర్థం. మనకి బేస్‌బాల్ తెలియదు. అదే "స్టిక్కీ వికెట్" అంటే, తడిసిన పిచ్ మీద బ్యాటింగు ఎంత కష్టమో గల్లీ క్రికెట్ ఆడిన ప్రతివాడూ ఊహించగలడు. ఇక్కడ తేడా తెలివిలో లేదు, ఇంగ్లీషు మీడియంలోనూ లేదు. ఎవరి ఆట ఎవరు ఆడారన్నదే తేడా.

నా బాధ ఇక్కడే. క్యాంపస్ పరీక్షల్లో, బ్యాంకు పరీక్షల్లో జాతీయాల ప్రశ్నలు పెట్టి, రానివాడికి ఇంగ్లీషు రాదని గీత గీసేస్తాం. తెలుగు మీడియంలో చదివి లాజిక్కు బ్రహ్మాండంగా రాసే పిల్లలు, ఎవరో తుఫాను నావికుడో బేస్‌బాల్ ఆటగాడో వదిలిన మాట తెలియక గీతకి అవతల ఉండిపోతారు. వాళ్ళలో కొందరు లోపలికి వచ్చినా, నాలాగా నోరు విప్పరు. అడిగితే "రాదు" అని తెలిసిపోతుందని భయం. ఆ భయం వల్లే తప్పులు పెరుగుతాయి. ఆ శుక్రవారం నేను "టేబుల్ అంటే ఇప్పుడు మాట్లాడదామనా, తర్వాత మాట్లాడదామనా?" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, మావాడు కూతురి పుట్టినరోజుకి ఇంట్లో ఉండేవాడు. నేను అడగలేదు. తప్పు నాదే. కానీ అడగడం సిగ్గుచేటు అని నాకు నేర్పింది ఎవరు?

టేబుల్ మాట చరిత్ర కూడా చూశాను. రెండు దేశాల్లోనూ ఒకే బల్ల, పార్లమెంటు సభలో కాగితాలు పెట్టే బల్ల. బ్రిటన్ వాళ్ళు కాగితం అందరి ముందుకీ వచ్చిందన్న సంగతి పట్టుకున్నారు. అమెరికా వాళ్ళు కాగితం బల్ల మీదే ఉండిపోయిందన్న సంగతి పట్టుకున్నారు. రెండూ నిజమే. కథ తెలిశాక నాకు ఇద్దరి మీదా కోపం పోయింది.

ఇప్పుడు మా టీములో కొత్తగా చేరినవాళ్ళకి ఒక పని చేస్తున్నాను. క్లయింటు నోట కొత్త జాతీయం వచ్చిన ప్రతిసారీ దాన్ని ఒక ఫైల్లో రాస్తాను. అర్థం ఒక్కటే కాదు, కార్ దొరగారి పద్ధతిలో ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరితో అంటారు, మన తెలుగులో దగ్గరగా ఏముంది అన్నీ. ఇప్పటికి 140 దాటాయి. మొన్న ఒక అమెరికా ఆయనకి దాన్ని చూపిస్తే, అందులో సగానికి పైగా పుట్టుక తనకే తెలియదన్నాడు. బదులుగా "గోడ మీద పిల్లి" నేర్పాను. వెంటనే పట్టేశాడు, వాళ్ళ మేనేజరు పేరు కూడా చెప్పాడు :)

పోయిన ఆదివారం మోకిల వెళ్ళినప్పుడు తాత రేకు పెట్టె మళ్ళీ ముందేసుకున్నాడు. ఈసారి నేను స్కానింగు పక్కనపెట్టి, కాగితంలోని మాటలు ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాను. ఆయనకి ఎనభై దాటాయి. సేత్వారు దగ్గర ఆగి, "ఇంత చదువుకున్నవ్, ఇవన్నీ నన్నడుగుతానవేందిరా?" అన్నాడు.

"ఇంగ్లీషు ఆయన్ని అడగలేక ఓసారి మోసపోయిన తాతా. నిన్నన్న అడుగుత" అన్నాను.

"అడుగు మరి" అన్నాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "నేను పోయినంక ఎవల్నడుగుతవ్?"